రెండక్షరాల జన్మపత్రిక

నిత్యం నోట్లో నానే ఇంగ్లిషు మాట ఒకటి తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు రాయమన్నారు ఎడిటర్ గారు. గురువారం సాయంత్రానికల్లా పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి. ఇంకో ఆలోచన లేకుండా 'ఓకే' ఎంచుకున్నాను. దాని చుట్టూ అల్లిన కథలకు లెక్కలేదు. అమెరికాలోని చోక్టా తెగవారి మాట అని కొందరు, ఆఫ్రికా వొలోఫ్ భాషదని కొందరు, హైతీలో ఒక రేవు పేరని ఇంకొందరు అంటారు. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ చోక్టా కథనే నమ్మి, స్పెల్లింగును కూడా దానికి తగ్గట్టు మార్చి రాసేవారు. వినడానికి అన్నీ బాగుంటాయి. తేదీ వేసిన కాగితం చూపమంటేనే తంటా.

ఆ కాగితం ఒకటుంది.

1839 మార్చి 23, శనివారం నాటి 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' రెండో పేజీ. సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్. ఆ ఊళ్లో గంటల మోతను వ్యతిరేకిస్తామంటూ వెలసిన ఒక సరదా సంఘం ఉండేది. ఆ సభ్యులు కొందరు 'రిచ్‌మండ్' అనే ఓడలో న్యూయార్క్ బయల్దేరారు. వాళ్లు తమ ఊరి మీదుగా వెళ్తారన్నట్టు 'ప్రావిడెన్స్ జర్నల్' రాసింది. గ్రీన్ ఊరుకోలేదు. మేం ఆ మాట అనలేదే, అంత తొందరెందుకు అని అంటించారు. ఒకవేళ మావాళ్లు తిరుగు ప్రయాణంలో మీ ఊరొస్తే చందాల పెట్టె వగైరాలన్నీ మీరే చక్కగా సమకూర్చి, సీసాల బిరడాలు ఎగరగొట్టి మర్యాద చేస్తారులెండి అని ముగించారు. ఆ 'చక్కగా' అన్నచోట పడ్డాయి చిన్నబడి అక్షరాల్లో 'ఓ.కె.', పక్కనే ఒక గీత, ఆ తర్వాత 'ఆల్ కరెక్ట్' అని అర్థం.

ఈ కథంతటిలో నాకు ప్రాణం ఆ గీత మీదే. పాఠకుడికి తెలియదేమోనని సంపాదకుడు అర్థం విప్పి చెప్పబట్టే ఈనాడు మనకు సందేహం లేదు. 'ఆల్ కరెక్ట్'కు పొడి అక్షరాలు ఎ, సి కదా అంటారేమో. ఆ రోజుల్లో బోస్టన్ పత్రికలకు పొడి అక్షరాల పిచ్చి పట్టింది. అందులోనూ కావాలని తప్పు స్పెల్లింగు రాసి నవ్వించడం ఒక వేడుక. 'ఓల్ కొరెక్ట్' అలా పుట్టింది. 'ఆల్ రైట్'ను ఇదే పద్ధతిలో 'ఓ.డబ్ల్యు.' చేశారు. అది ఆ సరదాతోనే పోయింది.

ఓకే బతకడానికి ఎన్నికలు కలిసొచ్చాయి. 1840లో మళ్లీ పోటీచేసిన అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. 'ఓల్డ్ కిండర్‌హుక్' పొడి అక్షరాలూ ఇవే కావడంతో అనుచరులు ఓ.కె. క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయారు, మాట నిలిచింది. తర్వాత టెలిగ్రాఫ్ గుమాస్తాలు దాన్ని దేశమంతా తిప్పారు.

ఈ చిక్కుముడి విప్పినవారు కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యులు ఆలెన్ వాకర్ రీడ్. కంప్యూటర్లో వెతికే వీలు లేని కాలంలో పాత పత్రికలు తిరగేసి, 1963, 64లలో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో ఆధారాలన్నీ వరసగా అచ్చువేశారు. ఆయన ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

మన పందికొక్కు
ఇంగ్లిషుకు తెలుగు ఇచ్చిన మాటల్లో పేరున్నది 'బాండికూట్'. మన పందికొక్కే అది. ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉన్న ఒక జంతువునూ తెల్లవాళ్లు ఆ పేరుతోనే పిలిచారు. ఎలుకలకూ దానికీ చుట్టరికం లేదు.

మళ్లీ ఓకే దగ్గరికొస్తే, రీడ్ గెలిచింది ఎవరో దాచిన పాత పేపర్ల వల్ల. ఏ మాట తెలుగు అచ్చులోకి ఎప్పుడొచ్చిందో తేల్చాలన్నా మనకు దిక్కు అవే. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు పాత పత్రికల్ని కాపాడుతున్నాయి. మీ అటక మీద తాతల నాటి పత్రికల కట్టలుంటే దయచేసి తూకానికి వేయకండి. దగ్గర్లోని గ్రంథాలయంలో ఒకసారి అడిగి చూడండి.