రోజూ పొద్దున్నే తుమ్ములా? జలుబు కాకపోవచ్చు

నిద్ర లేవగానే వరుసగా తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. జ్వరం ఉండదు. కాసేపటికి తగ్గుతుంది, మర్నాడు మళ్లీ మొదలు. జలుబే అనుకుని పిల్లలకు ఏళ్ల తరబడి సిరప్‌లు పోస్తూనే ఉంటాం. దీని వెనుక చాలాసార్లు ఉండేది డస్ట్ మైట్.

ఇది మిల్లీమీటర్‌లో మూడో వంతు ఉండే పురుగు. పరుపు, దిండు, రజాయిల్లో ఉంటూ మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తింటుంది. కుట్టదు. దాని మలంలోని ప్రోటీన్లు ఊపిరితో లోపలికి వెళ్లి అలర్జీ తెస్తాయి.

ఎలా తెలుస్తుంది?

చేతిపై చుక్క వేసి సూదితో గిచ్చే ప్రిక్ టెస్ట్‌లో 15-20 నిమిషాల్లో ఫలితం వస్తుంది. అలర్జీ మాత్రలు వాడుతుంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి, లేకపోతే టెస్ట్ తప్పుతుంది. రక్తంలో ఐజీఈ పరీక్ష కూడా ఉంది. ఇప్పుడు డెర్ పి 1, డెర్ పి 2, డెర్ పి 23 అనే ప్రోటీన్లను విడివిడిగా చూస్తున్నారు. డెర్ పి 10 మాత్రమే పాజిటివ్ అయితే, అసలు అలర్జీ రొయ్యలది కావచ్చు. అయితే రిపోర్టులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, లక్షణాలు కూడా కలవాలి.

చికిత్స ఏంటి?

మాత్రలు తుమ్ములను ఆపుతాయి అంతే. ఇమ్యునోథెరపీలో అదే మైట్ సారాన్ని కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేస్తారు. ఇంజెక్షన్ గానీ, నాలుక కింద చుక్కలు లేదా మాత్ర గానీ. సాధారణంగా మూడేళ్లు పడుతుంది. ఆరు నెలలకే కాస్త బాగుందని మానేస్తే పెట్టిన డబ్బు వృథా. ఇంజెక్షన్ తర్వాత అరగంట క్లినిక్‌లోనే ఉండాలి. ఆస్తమా అదుపులో లేనివారికి మొదలుపెట్టరు.

ఈలోగా దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకండి. ఖర్చు తక్కువ, మొదలుపెట్టాల్సింది అక్కడే.