మీకు తెలుసా? ఉప్పు లోపల పడితే కోఫ్తా, పైన పడితే బర్గర్

అమెరికావాళ్లు బర్గర్ మీద చల్లుకునే మసాలా ఉప్పులో పసుపు ఉంటుంది! లారీస్ అనే రెస్టారెంటు 1938లో బెవర్లీ హిల్స్‌లో మొదలైంది. అక్కడ మాంసం కోసం కలిపిన ఉప్పే తర్వాత సీసాల్లోకెక్కి, ఆ దేశంలో ఇంటింటి సరుకైంది. సీసా వెనక రాసి ఉన్నవి చూడండి: ఉప్పు, చక్కెర, పాప్రికా, పసుపు, ఉల్లి, వెల్లుల్లి, కాస్త కార్న్‌ఫ్లోర్. మన ఎల్లిపాయ కారానికి దూరపు చుట్టమే అనిపించడం లేదూ?

ఈ మసాలా ఉప్పును ఇంట్లోనే కలుపుకోవచ్చు. పాప్రికా అంటే రంగు దండిగా, ఘాటు తక్కువగా ఉండే మిరప పొడి. దాని కోసం చిట్యాల నుంచి హైదరాబాద్ దాకా బండి తీయాల్సిన పని లేదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి ఉంది కదా! టమాటా మిర్చి అని కూడా పిలిచే ఆ కాయ ఎర్రదనానికే పేరు పడింది, కారానికి కాదు. పచ్చళ్లవాళ్లు దాన్ని రంగు కోసమే వెతుక్కుంటారు. రోజువారీ కూర కారాన్ని అదే కొలతలో వేస్తే మాత్రం పిల్లలు నీళ్ల బిందె దగ్గరే కూర్చుంటారు.

ఇక ఉల్లి, ఎల్లిగడ్డ. వీటిని పచ్చిగా దంచి వేయకూడదు. మాంసం పైన తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రబడి కమ్మని వాసన రావడం 140 డిగ్రీల దగ్గర జోరందుకుంటుంది. ఈ రసాయన చర్యను 1912లో ఫ్రాన్సు శాస్త్రవేత్త మయార్ వివరించాడు. అందుకే హోటళ్లు పొడులు వాడతాయి. మే నెలలో 44 డిగ్రీలు దాటే మన నల్లగొండ ఎండ ఈ ఒక్క పనికైనా పనికి రావాలి! ఉల్లిగడ్డను పల్చగా తరిగి, వడియాలు పెట్టే గుడ్డ మీద పరిచి, వేళ్ల మధ్య పెళుసుగా విరిగేదాకా ఎండబెట్టి మిక్సీ పట్టండి. పది కిలోలు ఎండితే కిలో పొడి చేతికొస్తే గొప్పే, కాబట్టి ఆశ తగ్గించుకోండి. ఎల్లిగడ్డలో నీరు తక్కువ, అంత తరుగు పోదు. వానాకాలమైతే పొడులు కొనుక్కోవడమే నయం.

కొలత చెబుతాను. మెత్తని ఉప్పు నాలుగు చెంచాలు, చపాటా పొడి రెండు, మిరియాల పొడి ఒకటి, ఉల్లి పొడి ఒకటి, ఎల్లిగడ్డ పొడి ఒకటి, చక్కెర పొడి అర, పసుపు పావు. చక్కెర పెంచితే పెనం మీద మాడుతుంది. చైనీస్ బండి దగ్గరి ‘ఆ రుచి’ కావాలంటే చిటికెడు అజినమోటో. సముద్రపు నాచు చారులోని ఆ రుచిని టోక్యోలో ఇకెడా అనే ఆచార్యుడు 1908లో పట్టుకున్నాడు, మరుసటి ఏడే అది అంగడికొచ్చింది. వద్దనుకుంటే మానేయండి. ఆ రుచి టమాటాలోనూ సహజంగానే ఉంది, బర్గర్‌లో రెండు చక్రాలు పెడితే సరి.

పొడి కుదిరినా ఇంటి బర్గర్ రబ్బరులా సాగడానికి కారణం వేరే ఉంది. కీమా కనబడగానే మన చెయ్యి ఉప్పూకారం వేసి పిసుకుతుంది. కోఫ్తాకైతే అదే సరైన పని. ఉప్పు తగిలితే మాంసంలోని మయోసిన్ అనే ప్రొటీన్ కరిగి జిగురవుతుంది, వేడికి బిగుసుకుంటుంది, ఉండ పులుసులో విడిపోదు. బర్గర్‌కు కావలసింది సరిగ్గా దానికి తలకిందులు: కొరికితే పొలపొలా విడిపోవాలి. కాబట్టి కీమాలో ఏమీ కలపకండి. పిసక్కుండా చేత్తో తేలిగ్గా అద్ది బిళ్ల చేయండి. పెనం బాగా కాలాక, బిళ్ల వేయబోయే ముందు, 100 గ్రాములకు అర చెంచా మసాలా రెండు వైపులా చల్లండి. ముందే చల్లి పక్కన పెడితే ఉప్పు నీరు లాగుతుంది, బిళ్ల వేగడానికి బదులు ఉడుకుతుంది. ఒక్క జాగ్రత్త: కీమా లోపల పచ్చి మిగలకూడదు. మటనైతే 71, కోడైతే 74 డిగ్రీలు నడిమికి చేరాలి.

ఇంతా చేసి, మెక్‌డొనాల్డ్స్ అమెరికాలో తన బర్గర్ మాంసానికి వేసేది ఉప్పు, మిరియాలు మాత్రమే! అదే సంస్థ 1996లో ఢిల్లీలో తలుపు తెరిచినప్పుడు గొడ్డుమాంసం మానేసి, మహారాజా మాక్‌ను మటన్‌తో మొదలుపెట్టి తర్వాత కోడికి మారింది. మన నాలుకకు మసాలా పెంచక తప్పలేదు.

పొడి నిలవ ఉండాలంటే, పచ్చడికి చేసినట్టే, ఉప్పును ముందు ఎండలో పెట్టి తడి పోగొట్టండి. గాజు సీసాలో పోసి, పొయ్యికి దూరంగా ఉంచండి. ఆవిరి తగిలితే ఎల్లిగడ్డ పొడే ముందు గడ్డ కడుతుంది. శాకాహారులకు మయోసిన్ బెడద లేదు కనుక ఆలుగడ్డ టిక్కీలో ఈ మసాలాను నిక్షేపంగా లోపలే కలుపుకోవచ్చు.