ప్రూఫులు దిద్దని గ్రంథము

పెద్దప్రేగు లోపలి పొర మన యెఱుక లేకయే నాలుగైదు దినములకొకమారు తన్ను దాను క్రొత్తగా నిర్మించుకొనుచుండును. అందులోని కణము రెండగునపుడెల్ల, తల్లివలన నొకటియు తండ్రివలన నొకటియు సంక్రమించిన జంటప్రతులను, ఒక్కొక్కటి సుమారు మూడువందల కోట్ల అక్షరముల గ్రంథమును, ఆమూలాగ్రముగ నకలు వ్రాయవలెను. ఒక్క భారతమును తాటాకులకెక్కించుటలోనే లేఖకులు ఎన్ని పాఠభేదములు కల్పించిరో యెఱిగిన మనకు, ఇక్కడ తప్పులు దొరలుట వింతగాదు.

వానిలో నెక్కువ నిరపాయములే. అయిదవ క్రోమోసోముపై నున్న ఏపీసీ యను జన్యువు చెడినపుడు మాత్రము కథ మాఱును. 1991లో గుర్తింపబడిన ఈ జన్యువు కణవిభజనకు కళ్లెము వంటిది. రెండు ప్రతులును చెడినగాని అది తెగదు. తెగినచో ప్రేగుగోడపై చిన్న బుడిపె మొలచును. వైద్యులు దానిని పాలిప్ అందురు. పిమ్మట కేరాస్ అను జన్యువు, ఒక్క ప్రతి చెడినను చాలును, విభజింపుమని యెడతెగక ఆజ్ఞాపించుచు బుడిపెను పెంచును. పదునెనిమిదవ క్రోమోసోములో కొంత భాగము లోపించి, పదునేడవదానిపై కావలికాయు టీపీ53 కూడ నశించిన వెనుక, ఆ బుడిపె గోడలోనికి చొచ్చుకొనిపోయి రాచపుండగును. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఫియరన్, వోగెల్‌స్టీనులు 1990లో ఈ సోపానములను ప్రకటించుచు, క్రమముకంటె దోషముల కూడికయే ప్రధానమని తామే హెచ్చరించిరి. మెట్ల బొమ్మ గీయువారు తఱచు ఆ మాటను మఱచుచుందురు. ఈ ప్రయాణమునకు సాధారణముగ పదేండ్లో, అంతకు మించియో పట్టును గనుకనే, కొలనోస్కోపీలో కనబడిన బుడిపెను కత్తిరించివేయుట సార్థకమగుచున్నది.

కొన్ని కుటుంబములలో ఇంత వ్యవధి యుండదు. 1895లో అమెరికాలోని మిషిగను రాష్ట్రమున, ఆల్‌డ్రెడ్ వార్థిన్ అను వైద్యాచార్యునితో కుట్టుపని చేయు నొక స్త్రీ, తన బంధువులలో పలువురు ఉదర, గర్భాశయములకు పుట్టిన రాచపుండ్లతో పోయిరనియు, తనకును అదే గతి యనియు చెప్పెను. అప్పటికి ఆరోగ్యవతియైన యామె, చెప్పినట్లే, చిన్నవయస్సున గర్భాశయపు రాచపుండుతో మరణించెను. వార్థిన్ 1913లో ఆ వంశచరిత్రను ప్రచురించెను. దశాబ్దముల పిమ్మట హెన్రీ లించ్ దానిని కొనసాగించెను. 1993లో కనుగొనబడిన ఎంఎస్‌హెచ్2 జన్యువునందే ఆ వంశపు దోషమున్నదని కాలక్రమమున తేలెను. ఈ జన్యువు నకలు వ్రాయునది గాదు, వ్రాసినదానిని సరిచూచునది. అచ్చుకూటములో ప్రూఫులు దిద్దువాడు లేకున్న నేమగునో, ఆ కణములలో నదియే యగును. తప్పులు త్వరత్వరగా పోగుపడుటచే, పదేండ్ల మార్గము రెండు మూడేండ్లలోనే ముగియవచ్చును. కావుననే అట్టివారికి ఇరువది, ఇరువదియైదేండ్ల ప్రాయముననే పరీక్షలు మొదలిడి, ఏడాదికో రెండేండ్లకో ఒకమారు జరుపుదురు. తలిదండ్రులలో నొకరికి ఈ దోషమున్నచో బిడ్డకు సంక్రమించు అవకాశము సగము. సంక్రమింపలేదని తేలినవారికి, ఆ కుట్టుపని చేయు స్త్రీ జీవితమంతయు మోసిన భయము ఒక్క రక్తపరీక్షతో తొలగును.