పొయ్యి వెలిగించి చూసే ప్రోగ్రాము

పెళ్ళివారింటికి వంటమేస్త్రి వచ్చాడు. రాగానే కత్తిపీట ముందేసుకొని కూర్చోడు. మొదట పెరట్లోకి వెళ్ళి చూస్తాడు. గాడిపొయ్యి తవ్వించారా, గ్యాసు పొయ్యి పెట్టారా? నీళ్ళు ఎక్కడినుంచి తేవాలి? గంగాళాలు ఎన్ని ఉన్నాయి? అన్నీ చూసుకొన్నాకనే పని మొదలు పెడతాడు. చేసేది అదే పులిహోర. కాని చేసే తీరు ఇంటిని బట్టి మారుతుంది.

కంప్యూటరు ప్రోగ్రాముకు కూడా ఇదే అవస్థ ఉందంటే నమ్ముతారా?

సీ అనే భాషలో ఒక ప్రోగ్రాము రాశారనుకోండి. కంప్యూటరు దాన్ని నేరుగా అర్థం చేసుకోలేదు. దాన్ని యంత్రభాషలోకి మార్చిపెట్టే మరొక ప్రోగ్రాము కావాలి. దానినే కంపైలరు అంటారు. 1973లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ అనే వ్యవస్థను సీ భాషలో తిరగరాశారు. అంతకు ముందు అది ఒక రకం యంత్రపు భాషకే కట్టుబడి ఉండేది. ఇక ఏ యంత్రానికైనా ఒక సీ కంపైలరు తయారుచేసుకొంటే చాలు, యూనిక్స్‌ను అక్కడికి తీసుకుపోవచ్చు. నిజంగానే తీసుకుపోయారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎవరికి వారు యూనిక్స్‌ను తమకు నచ్చినట్టు మార్చుకొన్నారు. ఒక పదంలో ఫలానా అక్షరం ఎక్కడుందో వెతికే చిన్న పనినే తీసుకోండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి బీఎస్‌డీ యూనిక్స్‌లో ఆ పని చేసే ఫంక్షను పేరు 'ఇండెక్స్'. సిస్టం ఫైవ్ యూనిక్స్‌లో అదే పనికి 'స్ట్రింగ్ చార్' అన్న అర్థం వచ్చే వేరే పేరు. ఒకచోట చక్కగా నడిచిన ప్రోగ్రాము రెండోచోట 'ఆ పేరు గలవారు ఇక్కడ ఎవరూ లేరు' అనిపించుకొని వెనక్కి వచ్చేది!

మొదట్లో దీనికి ఒక మందు వాడారు. ప్రోగ్రాములోనే 'ఇది వ్యాక్స్ యంత్రమైతే ఇలా చెయ్యి, సన్ యంత్రమైతే అలా చెయ్యి' అని రాసేవారు. ఇది వంటమేస్త్రి ఊళ్ళోని ఇళ్ళ పేర్లన్నీ కంఠతా పట్టడం లాంటిది. రామయ్యగారింట్లో గ్యాసు, సోమయ్యగారింట్లో కట్టెలు. మరి కొత్తగా కట్టిన ఇంటికి పిలుపు వస్తే? సోమయ్యగారే గ్యాసు పెట్టించుకొంటే? పట్టీ అంతా తప్పే.

ఇంటి పేరుతో మనకేం పని, పొయ్యి వెలిగించి చూస్తే పోలేదా? అలా ఆలోచించినవారిలో ల్యారీ వాల్ ఒకరు. తరువాత పెర్ల్ భాషను సృష్టించింది ఈయనే. 1984లో తన 'ఆర్‌ఎన్' అనే ప్రోగ్రాముతో పాటు 'కన్ఫిగర్' అనే సహాయకుణ్ణి కూడా పంపించాడు. అది యంత్రంలో ఏమేం ఉన్నాయో తానే వెతుక్కొనేది, తేలనివాటిని మనిషిని అడిగేది. 1991 జూన్‌లో డేవిడ్ మెకంజీ అనే ఆయనకు ఇదే ఇబ్బంది ఎదురయింది. ఆయన గ్నూ ప్రోగ్రాములను చూసుకొనేవాడు. వాటిని కంపైలు చేయాలంటే వాడేవాళ్ళు దాదాపు 20 సంగతులు చేత్తో సరిచూసి పెట్టవలసి వచ్చేది. విసిగిపోయి వాటిని ఊహించి చెప్పే చిన్న స్క్రిప్టు ఒకటి రాశాడు. అదే పెరిగి పెరిగి ఆటోకాన్ఫ్ అయింది.

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. మొట్టమొదట కంపైలరు ఉందా అని వెతుకుతుంది. 'జీసీసీ' అని పిలుస్తుంది. పలకకపోతే 'సీసీ' అని పిలుస్తుంది. దొరికిందని వెంటనే నమ్మదు! ఏ పనీ చెయ్యని బుల్లి ప్రోగ్రాము ఒకటి రాసి ఇచ్చి, యంత్రభాషలోకి మార్చిందా, మార్చినది నడుస్తుందా అని చూస్తుంది. ఆ తరువాత ఒక్కొక్క ఫంక్షనుకు ఒక్కొక్క బుల్లి ప్రోగ్రాము. ఆ ఫంక్షనును పిలుస్తూ రెండు మూడు వాక్యాలు రాసి కంపైలరుకు ఇస్తుంది. కుదిరితే 'ఉంది'. కుదరకపోతే 'లేదు'. ఇలా వందల ప్రశ్నలు వేసి, జవాబులన్నీ 'కాన్ఫిగ్ డాట్ హెచ్' అనే ఫైలులో రాసిపెడుతుంది. అసలు ప్రోగ్రాము దాన్ని చూసుకొని, ఉన్నదాన్ని వాడుకొని లేనిదానికి బదులు చూసుకొంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. సీ భాషలో 'లాంగ్' అనే రకం అంకెకు ఎన్ని బైట్ల చోటు పడుతుంది? ఈనాటి 64 బిట్ల లినక్స్‌లో 8, అదే 64 బిట్ల విండోస్‌లో 4. తెలుసుకోవాలంటే ఒక ప్రోగ్రాము నడిపి చూడవచ్చు. కాని ఒక్కొక్కసారి కంపైలు చేసే యంత్రం ఒకటి, నడవవలసిన యంత్రం మరొకటి. నడిపి చూడటానికి ఆ రెండో యంత్రం చేతిలో ఉండదు. అప్పుడెలా?

కంపైలరుతో ఇలా అంటుంది: 'లాంగ్ 4 బైట్లకు మించకపోతే ఒక్క గది ఉన్న వరుస కట్టు. మించితే మైనస్ ఒక్క గది ఉన్న వరుస కట్టు.' మైనస్ ఒక్క గదితో వరుస ఎవరైనా కట్టగలరా! కంపైలరు 'ఇది కుదరదు' అని తిరగగొడుతుంది. ఆహా, 4కు మించిందన్నమాట! 8కి మించిందా? తప్పు పట్టలేదు, మించలేదు. 6కు? మించింది. 7కు? మించింది. అయితే 8. ప్రోగ్రామును ఒక్కసారి కూడా నడపకుండానే జవాబు తేలిపోయింది.

కాని ఈ పద్ధతిలో ఒక బలహీనత ఉంది. 'లేదు' అన్నది ఇక్కడ మామూలు జవాబు. వందల్లో ఒక 'లేదు'ను ఎవరూ పట్టించుకోరు. 2024లో దీన్నే ఒకరు దొంగదారిగా వాడుకొన్నారు. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జడ్ అనే ప్రోగ్రాము ఎన్నో లినక్స్ యంత్రాలలో ఉంటుంది. దానిని సీమేక్ అనే మరో పనిముట్టుతో కూడా కంపైలు చేయవచ్చు. ల్యాండ్‌లాక్ అనే రక్షణ ఉందా అని చూసే ఆ పనిముట్టు బుల్లి ప్రోగ్రాములో ఎవరో ఒక చుక్క పెట్టారు. ఒకే ఒక్క చుక్క! దానితో ఆ బుల్లి ప్రోగ్రాము ఏ యంత్రంలోనూ కంపైలు కాదు. ప్రతిచోటా 'లేదు' అనే జవాబు వస్తుంది. కాపలా ఉన్నా లేనట్టే లెక్క.

అంతకంటె పెద్ద దొంగతనం కన్ఫిగర్ దశలోనే జరిగింది. అందరూ చదవగలిగే అసలు భాండారంలో లేని కొన్ని వాక్యాలను, విడుదల చేసిన 5.6.0, 5.6.1 కట్టలలో చేర్చారు. కన్ఫిగర్ నడిచేటప్పుడు అవి ఒక దొంగ తలుపును ప్రోగ్రాములోకి ఎక్కించేవి. దూరం నుంచి యంత్రంలోకి ప్రవేశించే దారికి అది మారు తాళంచెవి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లోపలికి ప్రవేశించడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసి, 2024 మార్చి 29న సంగతి బయటపెట్టాడు. మరునాడే ఆ చుక్కను కూడా తీసివేశారు.

మీకు లినక్స్ కంప్యూటరు అందుబాటులో ఉంటే, ఏదైనా గ్నూ ప్రోగ్రాము మూలప్రతి తెచ్చి కన్ఫిగర్ నడిపి చూడండి. తెరమీద 'ఉంది', 'లేదు' అన్న వరుసలు చకచకా పరుగెడతాయి. అవి ఆగిన తరువాత 'కాన్ఫిగ్ డాట్ లాగ్' అనే ఫైలు తెరవండి. 'లేదు' అన్న జవాబు ఒకటి పట్టుకోండి. దాని దగ్గర కన్ఫిగర్ రాసి ఇచ్చిన బుల్లి ప్రోగ్రామూ ఉంటుంది, కంపైలరు చెప్పిన అభ్యంతరమూ ఉంటుంది. ఆ ఫంక్షను నిజంగా లేకనే 'లేదు' అన్నదో, మరేదైనా కారణమో మీరే చదివి చెప్పవచ్చు.