స్మార్ట్ గ్రిడ్

స్మార్ట్ గ్రిడ్ అనగా విద్యుత్తుతో పాటు సమాచారాన్ని కూడా ఇరువైపులా చేరవేయగల విద్యుత్ సరఫరా వ్యవస్థ. భారతదేశంలో దీనిని తొలుత పరీక్షించుటకు ఎంపికైన 14 ప్రయోగాత్మక పథకాలలో హైదరాబాదులోని జీడిమెట్ల పారిశ్రామికవాడ పథకం ఒకటి.

పాత పద్ధతి

విద్యుత్తు సబ్‌స్టేషను, ఫీడరు, ట్రాన్స్‌ఫార్మరుల గుండా వినియోగదారునికి చేరుతుంది. పాత పద్ధతిలో మీటరు రీడింగు నెలకొకసారి మాత్రమే తీస్తారు. బోరబండ వంటి ఇరుకైన బస్తీలో ఒక వీధికి కరెంటు పోతే, ఎవరైనా ఫోను చేస్తే గాని ఆ సంగతి కార్యాలయానికి తెలియదు.

పనిచేయు విధానం

స్మార్ట్ మీటరు రోజులో పలుమార్లు రీడింగును తానే పంపుతుంది. ఏయే మీటర్లు ఒకేసారి ఆగిపోయాయో చూసి, లోపం ఒక ఇంటిదా, ట్రాన్స్‌ఫార్మరుదా, ఫీడరుదా అన్నది గుర్తిస్తారు. ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చిన యూనిట్లకూ, దాని కింది మీటర్ల మొత్తానికీ గల తేడా నష్టాన్ని, చౌర్యాన్ని బయటపెడుతుంది. ఇంటికప్పుపై తయారైన సౌరవిద్యుత్తులో మిగులు గ్రిడ్‌కు ఎంత చేరిందో కూడా లెక్క తేలుతుంది.

జీడిమెట్ల పథకం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కేంద్ర విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో, 11,904 మంది వినియోగదారులకు దీనిని రూపొందించారు. 2014 రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ కొనసాగించింది. గరిష్ఠ వాడకాన్ని అదుపు చేయుట, అంతరాయాలను వెంటనే గుర్తించుట దీని ముఖ్య ఉద్దేశాలు.

పరిమితులు

2021లో కేంద్రప్రభుత్వం దేశమంతటా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లను లక్ష్యంగా పెట్టుకొంది. మీటరు మార్చినంత మాత్రాన గ్రిడ్ మారదు. అందిన సమాచారంతో మరమ్మతు త్వరపడాలి. ముందు చెల్లించిన సొమ్ము అయిపోతే సరఫరా దానంతటదే నిలిచిపోవచ్చు గనుక, పేద కుటుంబాలకు తగిన గడువు, ముందస్తు హెచ్చరిక అవసరం. గంటగంటకూ వాడకం తెలిస్తే ఇంట్లో ఎవరూ లేని వేళలూ తెలుస్తాయి. కావున ఆ వివరాల గోప్యత కూడా ముఖ్యమే.