విత్తనముల వంశవృక్షము

విద్యార్థులారా! సోమేనహళ్ళి ప్రాంతమున వానకారున విత్తెడి వేరుశనగను మీరెల్లరు నెరుగుదురు. ఇంట శెనక్కాయ యనియు, అంగడిలో కన్నడమున కడలెకాయి యనియు పిలుతుము. పేర్లు రెండైనను కాయ యొక్కటే. ఇట్లే పేరును రూపమును వేరైనను, లోపల దాదాపు ఒక్కటేయైన విత్తనములు గలవా? ఈ ప్రశ్న రైతునకు ముఖ్యమైనది. ఏలయన, పొలములన్నిటను దగ్గరి బంధువులైన రకములే యున్నచో, ఒక పొలమునకు సోకిన తెగులు అన్నిటికిని సోకును.

పూర్వము ఆకును, కొమ్మను, గింజ రంగును జూచి రకములను వేరుపరచెడివారు. ఇట్టి లక్షణములలో పెక్కు నేలను, నీటిని బట్టి మారుచుండును. అట్లు మారనిది కణములోని డి.ఎన్.ఎ. అది నాలుగే యక్షరములతో వ్రాయబడిన గ్రంథము వంటిది. పండితులు తాళపత్ర ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి, రెండింటను ఒకే తప్పు కానవచ్చిన, అవి యొకే మూలమునుండి పుట్టినవని యూహింతురు. శాస్త్రజ్ఞుల పద్ధతియు నిట్టిదే. డి.ఎన్.ఎ.లో కొన్నిచోట్ల రెండు మూడక్షరములు మరల మరల వచ్చును. అచ్చట వ్రాయసకాడు తడబడినట్లు లెక్క తప్పుచుండును; ఒక రకమున 12 మారులు, వేరొకదానిలో 15 మారులు ఉండవచ్చును. ఆ భాగమునకు యంత్రముచే లెక్కలేనన్ని ప్రతులు తీసి, జిగురువంటి పలకలో విద్యుత్తుచే నడిపింతురు. పొట్టి తునుక ముందునకు సాగును, పొడవైనది వెనుకబడును. భేదము కంటికి గానవచ్చును. ఇట్టి గుర్తులకు అణుసూచికలని పేరు.

వేరుశనగ విషయమున ఫల మాశ్చర్యకరము. 1990 ప్రాంతపు తొలి యణుపరీక్షలలో, చూపునకు మిక్కిలి భిన్నములైన రకములును స్వల్పభేదమునే చూపినవి. కారణ మేమనగా, కొన్నివేల యేండ్ల క్రిందట దక్షిణ అమెరికాలో, ఒక్కొక్కదానికి 20 క్రోమోజోములు గల రెండు అడవిజాతులు కలిసి, 40 గల క్రొత్త మొక్క పుట్టెను. ఈ తేడావలన అడవి బంధువులతో దానికి మరల సులభముగా సంకరము కుదరలేదు.

అయినను ప్రయత్నముచే సాధ్యమైనది. అడవిజాతినుండి వచ్చిన, తుప్పు తెగులును తట్టుకొను గుణము ధారవాడ వ్యవసాయ విశ్వవిద్యాలయపు జి.పి.బి.డి. 4 రకమున గలదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ వారు, అణుసూచికలు దారిచూపగా, ఆ గుణమును మూడు రకములలో చేర్చి 2014లో ప్రకటించిరి. అందొకటి మన పొరుగున అనంతపురము రైతులు సాగుచేసిన ఐ.సి.జి.వి. 91114. కన్నడనాట పెరిగిన గుణము తెలుగునేలకు ఉపకరించినది.

ఇక్రిశాట్ విత్తననిధిలో 15,000కు మించిన వేరుశనగ నమూనాలు చల్లని గదులలో నున్నవి. మన ఇంటి మూటలోని గింజకు మొలకెత్తు శక్తి చిరకాలము నిలువదు. ఏటేట విత్తిననే రకము దక్కును. కావున మీ తాతలయొద్ద పాత రకమేదైన నున్నచో, దాని పేరడిగి వ్రాసికొనుడు. ఒక సాలైనను దానిని విత్తుమని వేడుడు. పోయిన ప్రతిని మరల వ్రాయగల యంత్రము లేదు.