పఠన సామర్థ్యానికి భాషలవారీ ప్రమాణాలు
– మూడో తరగతి విద్యార్థుల మదింపు జరిగే తీరు –

ప్రాథమిక విద్యలో మూడో తరగతి కీలకమైన మలుపు. అప్పటివరకు విద్యార్థి చదవడం నేర్చుకుంటాడు. ఆపై తరగతులలో చదివి నేర్చుకోవలసి ఉంటుంది. ఈ దశ దాటేనాటికి చదవడం రాని విద్యార్థి గణితంలో లెక్క చేయగలిగినా ప్రశ్నను అర్థం చేసుకోలేక వెనుకబడిపోతాడు. ఈ కారణంగానే జాతీయ విద్యా విధానం–2020 పునాది అక్షరాస్యతకు, సంఖ్యా పరిజ్ఞానానికి అగ్ర ప్రాధాన్యం ఇచ్చింది. 2026–27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి విద్యార్థికీ ఈ సామర్థ్యాలు అందించాలనే లక్ష్యంతో కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ 2021 జూలై 5న నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతిలో కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవగలగాలని నిపుణ్ భారత్ మార్గదర్శకాలు సూచించాయి. అయితే ఒకే సంఖ్య అన్ని భాషలకూ సమానంగా వర్తించదు. హిందీలో 'ఘర్ మే' అనే రెండు పదాలు తెలుగులో 'ఇంట్లో' అనే ఒకే పదమవుతాయి. విభక్తులు, ప్రత్యయాలు పదంలోనే కలిసిపోవడం వల్ల తెలుగు పదం సాధారణంగా పొడవుగా ఉంటుంది. గుణింతాలను, ఒత్తులను గుర్తించి పలకడానికి కూడా బాలలకు వ్యవధి అవసరం. కాబట్టి నిమిషానికి తక్కువ పదాలు చదివినంత మాత్రాన తెలుగు విద్యార్థి వెనుకబడినట్లు భావించరాదు.

భాషలవారీ ప్రమాణాల నిర్ధారణకు జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2022 మార్చిలో పునాది అభ్యసన అధ్యయనం నిర్వహించింది. సుమారు 10 వేల పాఠశాలలకు చెందిన దాదాపు 86 వేల మంది మూడో తరగతి విద్యార్థులను బోధనా మాధ్యమాలుగా ఉన్న 20 భాషలలో పరీక్షించారు. వీటిలో తెలుగు కూడా ఉన్నది.

ఈ అధ్యయనంలో ప్రతి విద్యార్థినీ విడిగా కూర్చోబెట్టి మౌఖికంగా పరీక్షించారు. విద్యార్థి ఒక భాగాన్ని బిగ్గరగా చదువుతాడు. నిమిషంలో తప్పు లేకుండా ఎన్ని పదాలు చదివినదీ నమోదు చేస్తారు. అనంతరం చదివిన దానిపై ప్రశ్నలు అడుగుతారు. వేగం ఒక్కటే సామర్థ్యం కాదు. అర్థం గ్రహించినప్పుడే అది పఠనమవుతుంది. ఫలితాలను నాలుగు స్థాయిలుగా విభజించారు: కనీస ప్రావీణ్యాన్ని పాక్షికంగానైనా అందుకోనివారు, పాక్షికంగా అందుకున్నవారు, పూర్తిగా అందుకున్నవారు, దానిని మించినవారు. ఏ స్థాయికి ఎన్ని పదాలు అన్నది ఆయా భాషలకు వేర్వేరుగా నిర్ణయించారు.

ఇతర సర్వేల ఫలితాలతో వీటిని పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వే, 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పాఠశాలల్లో నిర్వహించిన రాత పరీక్షలు. 2005లో ప్రథమ్ సంస్థ ప్రారంభించిన అసర్ సర్వే గ్రామీణ గృహాలకు వెళ్లి అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తుంది. పరీక్షించే బాలలు, పద్ధతి, కొలమానం వేరైనందున ఒకదాని శాతాన్ని మరొకదానితో పోల్చి సామర్థ్యం పెరిగిందనో తగ్గిందనో నిర్ధారించడం సరికాదు.

ఫలితాలను వెల్లడించేటప్పుడు పరీక్షించిన భాష, తరగతి, సంవత్సరం, వర్తింపజేసిన ప్రమాణం తప్పక పేర్కొనవలసి ఉన్నది. వేర్వేరు భాషల రాష్ట్రాలకు పదాల సంఖ్య ఆధారంగా ర్యాంకులు ఇవ్వడం కన్నా, ప్రతి భాషలోనూ కనీస స్థాయిని అందుకోని విద్యార్థుల శాతాన్ని పరిశీలించడం ప్రయోజనకరం. అదనపు బోధన, సరళమైన కథల పుస్తకాలు, ఉపాధ్యాయుల ప్రత్యేక శ్రద్ధ ముందుగా అందవలసింది ఆ విద్యార్థులకే. నమూనా సర్వే రాష్ట్ర పరిస్థితిని తెలుపుతుందే గాని తరగతి గదిలో వెనుకబడిన విద్యార్థి ఎవరో చెప్పదు. ఆ విద్యార్థిని గుర్తించడానికి ఉపాధ్యాయుడు ప్రతి ఒక్కరి చేతా చదివించి, వినవలసిందే.